గర్భములోని బిడ్డయు, సంఘములోని తల్లియు

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతపు స్త్రీల మైత్రి కూటములలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగ దినములలో మనము కట్టుకొన్న గుడులనుగూర్చి, బడులనుగూర్చి, సేవచేసి నిద్రించిన పెద్దలనుగూర్చి అనేకులు చక్కగా మాటలాడిరి. మేము మాటలాడబోవు సంగతి ఏ శిలాఫలకము మీదను లేదు. గుడిలో పైకి చెప్పుకొనునది కాదు. అయినను మన ఇండ్లలో జరుగుచున్నదే. కడుపులోని బిడ్డను వద్దనుకొని తీసివేయించుటనుగూర్చి మేము మాటలాడగోరుచున్నాము.

ఇది ఆడవారి సంగతి, మనము బయటికి వెళ్లి కూర్చుందమని సహోదరులు అనుకొందురేమో. దయచేసి కదలకుడి. ఇది ముందుగా మీరు వినవలసిన సంగతియే.

మొదట ఒక మాట స్పష్టము చేయుచున్నాము. గర్భము తనంతట తానే పోవుట వేరు, పోగొట్టుట వేరు. కోరి కనిపెట్టిన బిడ్డ మూడవ నెలలోనో నాలుగవ నెలలోనో జారిపోగా ఏడ్చిన తల్లులు ఈ కూటములో ఉన్నారు. "ఏ పాపము చేసితివో" అని వారిని ఎవరైనను అనియుండిన యెడల అది దేవుని మాట కాదు, ఊరి మాట. ఆ తల్లులను ఆదరించుటకు సంఘమున్నది గాని అనుమానించుటకు కాదు.

వాక్యము ఏమి చెప్పుచున్నది?

బైబిలులో "గర్భమును తీసివేయరాదు" అని ఆ మాటలతోనే వ్రాయబడిన ఆజ్ఞ లేదు. ఉన్నదని చెప్పుట సత్యము కాదు. అయితే గర్భములోని బిడ్డను దేవుడు ఏ కన్నుతో చూచుచున్నాడో తెలియజేయు చోట్లు అనేకములు కలవు. 139వ కీర్తనలో, తల్లి గర్భములో తన్ను రూపించినవాడు దేవుడేయని కీర్తనకారుడు ఆశ్చర్యపడుచున్నాడు. యిర్మీయా మొదటి అధ్యాయములో, పుట్టకమునుపే దేవుడు ఆ ప్రవక్తను ఎరిగి ప్రతిష్ఠించెనని చూచుచున్నాము. లూకా మొదటి అధ్యాయములో, మరియ వందనము విని ఎలీసబెతు గర్భములోని శిశువు గంతులు వేసెను. కడుపులోని బిడ్డకు మనము ఇంకను పేరు పెట్టకపోవచ్చును, దేవుడు మాత్రము అప్పటికే ఎరిగియున్నాడు. ఇది మన విశ్వాసము.

తరచుగా తర్కమునకు వచ్చు చోటు నిర్గమకాండము 21వ అధ్యాయము, 22, 23 వచనములు. మగవారు పోట్లాడుకొనుచుండగా గర్భవతికి దెబ్బ తగిలిన సంగతి అది. మన తెలుగు బైబిలు ఆమెకు గర్భము పోయినట్లు తర్జుమా చేసినది. వేరే కొన్ని తర్జుమాలు బిడ్డ ముందుగా పుట్టినట్లు చెప్పుచున్నవి. మొదటి విధముగా చదివినయెడల గర్భము పోయినందుకు జరిమానా, తల్లికి హాని కలిగినయెడల ప్రాణమునకు ప్రాణము. రెండవ విధముగా చదివినయెడల బిడ్డకు కలిగిన హానికిని అదే శిక్ష. పండితులు ఇప్పటికిని ఏకీభవింపలేదు. అయితే ఏ విధముగా చదివినను ఒక సంగతి మారదు. దెబ్బ కొట్టినది ఆ స్త్రీ కాదు. పోట్లాడినది మగవారు. దేవుడు లెక్క అడిగినది వారిని.

సంఘము నడిచిన దారి

ఆదిసంఘము పుట్టిన రోమా సామ్రాజ్యములో గర్భము పోగొట్టుటయు, పుట్టిన శిశువును, ముఖ్యముగా ఆడశిశువును, బయట పారవేయుటయు వింతగా ఎంచబడలేదు. అపొస్తలుల కాలమునకు సమీపమున వ్రాయబడిన 'దిదాఖే' అను బోధ గ్రంథము ఆ రెండింటిని నిషేధించినది. క్రైస్తవులు తక్కినవారినుండి వేరుగా కనబడిన గురుతులలో ఇది ఒకటి.

శిక్షవిషయమై సంఘము ఏమి చేసెనో వినుడి. క్రీ.శ. 314లో అంకుర, అనగా నేటి టర్కీ దేశపు అంకారా పట్టణములో కూడిన సభ ఈ సంగతిని విచారించెను. అంతకుముందు ఇట్టి స్త్రీని మరణమువరకు బల్లకు దూరము ఉంచవలెనను కఠినమైన కట్టడ యుండెను. ఆ సభ దానిని తగ్గించి పది సంవత్సరముల పశ్చాత్తాప కాలముగా నిర్ణయించెను. పది సంవత్సరములు మనకు చాలా కఠినముగా తోచును. అయినను ఆ కాలములోనే తలుపు మూయుట కాదు, తెరచుట వైపునకు సంఘము అడుగు వేసెను.

మధ్యయుగపు పండితులు బిడ్డలో ఆత్మ ఎప్పుడు ప్రవేశించునని వాదించి, తొలిదినముల గర్భమునకును తరువాతి గర్భమునకును భేదము చూపిరి. కతోలిక సంఘ శిక్షాస్మృతిలో ఆ భేదమును పోపు తొమ్మిదవ పయస్ 1869లో తొలగించెను. ఆంగ్లికను బిషప్పులు 1930లో లాంబెత్ సభలో గర్భపాతమును పాపముగా ఖండించిరి. పోపు రెండవ జాన్ పాల్ 1995లో 'ఎవాంజెలియుమ్ వీటే' అను లేఖలో కతోలిక బోధను మరల దృఢపరచెను. ప్రొటెస్టెంటు సంఘములలో అనేకము, బిడ్డ ప్రాణమును దేవుని వరముగా ఎంచుచునే, తల్లి ప్రాణమునకు ముప్పు వచ్చినప్పుడు ఆమెను కాపాడుట తగునని చెప్పుచున్నవి. బలాత్కారమునకు గురియైన ఆడపిల్ల విషయములో సంఘములమధ్య ఏకాభిప్రాయము లేదు. ఆ పిల్ల ముందర నిలుచుండి వాదించుకొనుట మాత్రము ఏ సంఘమునకును తగదు.

2016లో పోపు ఫ్రాన్సిస్, ఈ పాపమును ఒప్పుకొని వచ్చినవారికి క్షమాపణ ప్రకటించు అధికారమును లోకమందలి కతోలిక గురువులందరికిని ఇచ్చెను. బోధ మారలేదు, తలుపు వెడల్పైనది. పదిహేడు వందల ఏండ్లకు ఎడమైనను అంకుర సభయు ఈ నిర్ణయమును ఒకే దారిలో నడిచినవి.

దేశపు చట్టము

మన దేశములో వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టము 1971లో చేయబడి 1972 ఏప్రిలు 1నుండి అమలులోనికి వచ్చినది. నాటు వైద్యుల చేతులలో తల్లులు చనిపోవుచుండుట దానికి ఒక ముఖ్య కారణము. 2021 సవరణ ప్రకారము 20 వారములవరకు ఒక వైద్యుని అభిప్రాయముతోను, చట్టము చెప్పిన కొన్ని పరిస్థితులలో 24 వారములవరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయముతోను గర్భవిచ్ఛిత్తి చేయవచ్చును. పెండ్లికాని స్త్రీలకును ఇది వర్తించునని సుప్రీము కోర్టు 2022 సెప్టెంబరు 29న తీర్పు చెప్పినది. యుక్తవయస్సు వచ్చిన స్త్రీకి ఆమె సమ్మతియే చాలును. అత్తయు భర్తయు నిర్ణయించి ఆమెను బండి ఎక్కించుటకు ఏ చట్టములోను అధికారము లేదు.

చట్టము అనుమతించినదెల్ల విశ్వాసికి తగునని మేము చెప్పుట లేదు. చట్టమునకు ఒక దారి, మనస్సాక్షికి ఒక దారి. అయితే మరియొక చట్టమున్నది. అది మన మనస్సాక్షికంటె ముందు నడుచుచున్నదేమో యోచింపుడి.

కడుపులోనిది ఆడో మగో స్కానింగుచేసి చెప్పుటను నిషేధించిన చట్టము 1994లో చేయబడినది, 2003లో మరింత గట్టిపరచబడినది. చెప్పిన వైద్యునికిని, చెప్పించుకొనిన ఇంటివారికిని మూడేండ్లవరకు జైలు శిక్ష పడవచ్చును. ఆ చట్టములో ఒక గొప్ప మాట యున్నది. పరీక్ష చేయించుకొన్న గర్భవతిని భర్తయో బంధువులో బలవంతము చేసియుందురని న్యాయస్థానము ముందుగానే తలంపవలెను. కాదని చూపవలసిన భారము వారిదే. క్రీస్తును ఎరుగమని చెప్పు ప్రభుత్వపు చట్టము తల్లిమీద అంత కనికరము చూపగా, క్రీస్తు నామము ధరించిన సంఘము అంతకంటె తక్కువ చూపవచ్చునా?

మన పాలమూరు సంగతి

ఇప్పుడు మన ఇంటికి వత్తము. 2016 అక్టోబరు 11న మన మూడు పట్టణములు మూడు జిల్లాలకు ముఖ్య పట్టణములైనవి. అయినను మన కష్టములు పాత పాలమూరు కష్టములే. 2011 జనాభా లెక్కలలో గద్వాల జిల్లా ప్రాంతములో అక్షరాస్యత నూటికి 50కి లోపుగానే యుండెను. గద్వాల చుట్టుప్రక్కల సీడు పత్తి చేలలో పూవుకు పూవు క్రాసింగు చేయుటకు ఆడపిల్లలను పెట్టుట మనము కండ్లార చూచినదే. బడి మానిన పిల్లకు పెండ్లి తొందర. పెండ్లికి కట్నము. కట్నమునకు అప్పు. అప్పు తీర్చుటకు గుంపు మేస్త్రీ వెంట బొంబాయికో పూనాకో వలస. ఆ వలసలో గుడిసెలో ఉండగా మరల గర్భము. ఇప్పటికే ఇద్దరు ఆడపిల్లలున్న ఇంటిలో మూడవ గర్భమనగానే ఇంటివారి ముఖములు ఎట్లు మారునో మీకు తెలియును.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేండ్లలోపు పిల్లలలో వేయిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001 లెక్కలలో 961 మంది. 2011 లెక్కలలో 939 మంది. పదేండ్లలో వేయికి 22 మంది తగ్గిరి. ఈ తగ్గుదలకు క్రైస్తవుల ఇండ్లు బయట ఉన్నవని ఎవరు ప్రమాణము చేయగలరు? మన పొరుగున దేవరకొండ తండాలలో ఆడశిశువులను అమ్మిన సంగతి 1999, 2001 సంవత్సరములలో పత్రికలకెక్కినప్పుడు అందరు ఆ తల్లులను నిందించిరి. కన్న బిడ్డను అమ్ముకొనునంత లేమి ఎట్లు వచ్చెనని అడిగినవారు కొందరే.

నిర్గమకాండము మొదటి అధ్యాయము జ్ఞాపకము చేసికొనుడి. మగపిల్లలను చంపవలెనని ఫరో మంత్రసానులకు ఆజ్ఞాపించెను. షిఫ్రా, పూయా అను ఆ ఇద్దరు స్త్రీలు దేవునికి భయపడి బిడ్డలను బ్రదుకనిచ్చిరి. మన కాలపు ఫరో ఆడపిల్లలను కోరుచున్నాడు. వాని పేరు కట్నము. వానికి సింహాసనము ఐగుప్తులో లేదు, మన పెండ్లి పందిళ్లలో ఉన్నది. గుడిలో ఆడబిడ్డను దేవుని వరమని ఎత్తి ప్రార్థించి, ఇంటికి వచ్చి కుమారునికి కట్నము లెక్కించుకొను విశ్వాసి ఆ ఫరో కొలువులో ఉన్నవాడే.

అమ్మ ప్రాణమునకు వచ్చు అపాయమును గూర్చియు చెప్పవలెను. నలుగురికి తెలియునను భయముచేత కొందరు ఆసుపత్రికి పోక, నాటు మందులకును, మందుల షాపులో చీటీ లేకుండ కొనిన మాత్రలకును లోబడుచున్నారు. ఎన్ని వారములో చూడకుండ, గర్భము సంచిలో ఉన్నదో బయట ఉన్నదో తెలియకుండ మ్రింగినయెడల రక్తము ఆగక ప్రాణమే పోవచ్చును. ఇప్పుడు వనపర్తిలోను, నాగర్‌కర్నూలులోను 2022నుండి, గద్వాలలో 2024నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నవి. ఏ ఆడపిల్లయు చాటున చావవలసిన పని లేదు. రక్తము పోవుచున్నప్పుడు బోధ చేయకుడి, ఆసుపత్రికి తీసికొనిపొండి.

మన ప్రాంతమునకు ఈ బుద్ధి క్రొత్త కాదు. ఎం.బి. మిషను వైద్యురాలు కేథరీన్ షెల్లెన్‌బర్గు 1907లో ఇండియాకు వచ్చి, నాగర్‌కర్నూలులోను తరువాత షంషాబాదులోను వైద్యసేవ చేసి, 1945లో ఈ నేలమీదనే కన్నుమూసెను. సువార్త మన ఊళ్లకు బైబిలుతోపాటు మందుల పెట్టెను పట్టుకొని వచ్చినది.

మన క్రమశిక్షణనుగూర్చి ఒక ప్రశ్న

ఇక్కడ మేము నెమ్మదిగా ఒక సంగతి అడుగగోరుచున్నాము. ఇది ఫలాని సంఘమునుగూర్చి చెప్పునది కాదు. అనేక సంఘములలో ఉన్న ఆచారమునుగూర్చియే.

పెండ్లికాని ఇద్దరు అమ్మాయిలు ఒకే విధముగా పడిపోయిరనుకొనుడి. ఒకతె ఇంటివారు పరువుకు భయపడి, రాత్రికి రాత్రి ఆమెను ఎవరును ఎరుగని పట్టణమునకు తీసికొనిపోయి, పని ముగించుకొని వచ్చిరి. తరువాతి నెల ఆమె బల్లయొద్దకు వచ్చును. ఎవరును ఏమియు అడుగరు. రెండవ అమ్మాయి భయపడినను బిడ్డను పోగొట్టుటకు ఒప్పుకొనలేదు. ఆమె కడుపు నలుగురికి కనబడెను. పెద్దలు కూడిరి. ఆమె పేరు సంఘములో చదువబడెను. బల్లకు దూరము చేయబడెను. రేపు బిడ్డను గుడికి తెచ్చినప్పుడు గొణుగుడు వినబడును.

సహోదరులారా, ఈ క్రమశిక్షణ ఎవరిని శిక్షించినది? బిడ్డను బ్రదుకనిచ్చినదానిని. మన ఆడపిల్లలకు ఇది ఏమి నేర్పుచున్నది? కనబడకుండ చేసికొనుమని నేర్పుచున్నది. ప్రసంగపీఠముమీదనుండి గర్భపాతము పాపమని చెప్పి, క్రింద బల్లయొద్ద గర్భపాతమునకు దారి చూపుట న్యాయమా?

మరియొక ప్రశ్న. ఈ ఇద్దరు అమ్మాయిల ప్రక్కన ఉండవలసిన ఆ ఇద్దరు యువకులు ఎక్కడ? ఒకడు గాయకబృందములో పాడుచున్నాడు, ఒకనికి సంబంధములు చూచుచున్నారు. యోహాను 8వ అధ్యాయములో కూడ ఆ స్త్రీనే తెచ్చిరి, పురుషుని తేలేదు. ప్రభువు ఆ కొరతను చూడక పోలేదు. రాళ్లు పట్టుకొన్నవారిని వారి మనస్సాక్షివైపు త్రిప్పి, ఆమెను శిక్షింపక, ఇక పాపము చేయవద్దని చెప్పి పంపెను. పాపమును పాపమనెను, పాపిని బ్రదుకనిచ్చెను.

పాపమును చూచి చూడనట్లు ఉండుడని మేము చెప్పుట లేదు. క్రమశిక్షణ ఉండవలెను. అయితే అది ఇద్దరికిని సమానముగా ఉండవలెను, సంఘకాపరియు ఇద్దరు పెద్దలును ఏకాంతముగా జరుపవలెను, బిడ్డ ప్రాణమునకు గొడ్డలి కారాదు. మత్తయి మొదటి అధ్యాయములో యోసేపును చూడుడి. మరియ నిర్దోషి. అయినను ఆ సంగతి అతనికి ఇంకను తెలియదు. తెలియకమునుపే ఆమెను నలుగురిలో అవమానపరచుటకు అతడు ఒప్పుకొనలేదు. లేఖనము అతనిని నీతిమంతుడని పిలిచినది. నలుగురిలో చదువుట నీతియని మనము అనుకొనుచున్నాము, మౌనముగా కాపాడుట నీతియని లేఖనము చూపుచున్నది.

మనము చేయదగినవి

గొప్ప ధనము అక్కరలేని కొన్ని పనులు మీ ముందుంచుచున్నాము.

ఒకటి. ప్రతి సంఘములోను నమ్మకమైన ఇద్దరు పెద్ద స్త్రీలను ఏర్పరచుడి. కష్టములోనున్న ఆడపిల్ల వారియొద్దకు వచ్చినయెడల ఆ మాట నాలుగు గోడలు దాటరాదు. "అమ్మా, నీ వెంట మేమున్నాము" అను ఒక్క మాట అనేక పర్యాయములు బిడ్డ ప్రాణమును నిలుపును.

రెండు. పెంచుకొనలేని తల్లికి దారి యున్నదని తెలియజేయుడి. 2015 బాలల న్యాయ చట్టము ప్రకారము జిల్లా బాలల సంక్షేమ సమితియొద్ద బిడ్డను అప్పగింపవచ్చును. తిరిగి ఆలోచించుకొనుటకు రెండు నెలల గడువు ఇయ్యబడును. బిడ్డను ముళ్లపొదలో విడువనక్కరలేదు, ఎవరికిని అమ్మనక్కరలేదు. 1098 నంబరుకు ఫోనుచేసినయెడల పిల్లల విషయములోను, 181కి చేసినయెడల స్త్రీల విషయములోను సహాయము దొరకును.

మూడు. సంతానము లేని దంపతులారా, మీతో ఒక మాట. ఒకప్పుడు క్రైస్తవులు సంరక్షకులుగా మాత్రమే బిడ్డను పెంచుకొనగలిగిరి. ఇప్పుడు బాలల న్యాయ చట్టము ప్రకారము ఏ మతమువారైనను చట్టబద్ధముగా దత్తత తీసికొనవచ్చును. ఈ మాట 2014లో సుప్రీము కోర్టు కూడ స్పష్టము చేసినది. దేవుడు మనలను దత్తపుత్రులుగా చేసికొనెనని రోమా పత్రికనుండి బోధింతుము. ఆ బోధ మన ఇంటి ఊయలవరకు రావలెను. మదర్ తెరెసా గర్భపాతమును గట్టిగా ఖండించుటతో ఆగలేదు, బిడ్డలను తీసికొని దత్తతకు ఇండ్లు చూపెను. ఖండించు నోటికి ఎత్తుకొను చేతులు ఉండవలెను.

నాలుగు. పెండ్లి ప్రకటనలు చదువకమునుపు కట్నముమాట అడుగుడి. కట్నము తీసికొన్న పెండ్లికి గుడి తలుపు తెరచుటనుగూర్చి పెద్దలు ప్రార్థనతో యోచింపుడి.

అయిదు. వలస పోవు కుటుంబములలో గర్భవతి యున్నయెడల వెళ్లకమునుపే ఆశా కార్యకర్తయొద్ద పేరు, టీకాల కార్డు సరిచూచి పంపుడి. ఆమె ఏ ఊరిలో ఉన్నదో సంఘమునకు తెలిసియుండవలెను.

చివరిగా, ఈ కూటములో మౌనముగా కూర్చున్న కొందరు తల్లులతో. మీరు ఎప్పుడో, ఎవరి బలవంతముచేతనో, ఏ భయముచేతనో గర్భమును పోగొట్టుకొని, ఇన్నేండ్లుగా ఎవరికిని చెప్పక మోయుచుండవచ్చును. ఈ ప్రసంగము మీ గాయమును రేపియుండవచ్చును. మీమీద రాయి వేయుటకు మేము రాలేదు. స్త్రీ తన చంటిబిడ్డను మరచినను దేవుడు మరువడని యెషయా 49వ అధ్యాయము చెప్పుచున్నది. ఆయన మీ బిడ్డను మరువలేదు, మిమ్మును మరువలేదు. సిలువయొద్ద తీసికొనిపోదగని భారము ఏదియు లేదు. మీరు నమ్మిన ఒక్కరితోనైనను చెప్పుకొని, ప్రార్థించి, బల్లయొద్దకు రండి.

నూరేండ్లు మన సంఘమును మోసిన దేవుడు రాబోవు నూరేండ్లలో మనలను ఒక ప్రశ్న అడుగును. నా గుడులను ఎంత ఎత్తు కట్టితిరని కాదు, నేను మీ మధ్యకు పంపిన బిడ్డలకును వారి తల్లులకును చోటు ఇచ్చితిరా అని. బేత్లెహేము సత్రములో చోటు లేకపోయెను. గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూలులో చోటున్నదని చెప్పుకొనునట్లు ప్రభువు మనకు కృప దయచేయునుగాక. ఆమేన్.